ఎండల్లో పిల్లలతో కోస్తాకి: కారులో విజయవాడ, కోనసీమ, విశాఖ

రైల్లో బెర్తులు దొరక్క కాదు, ఈ వేసవిలో కావాలనే కారు తీశాం. విజయవాడలో మా పిన్ని, కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెలో అమ్మమ్మ, విశాఖపట్నంలో మా ఆడపడుచు. ఒకే సెలవుల్లో అందరి గడపా తొక్కి రావాలి. వెంట ఆరేళ్ల పిల్లాడు, ఇంకా మూడు నిండని పిల్ల. దిగిన ప్రతిచోటా సామాను మోసుకుని, ఆటో మాట్లాడుకుని, మళ్ళీ బస్సెక్కడం కన్నా సొంత బండే నయమనుకున్నాం. అమ్మమ్మకి తొంభై దగ్గర పడుతోంది, మా చిన్నదాన్ని ఇంతవరకూ చూడలేదు. అసలు కారణం అదీ.

ఊళ్లు తిరిగొచ్చినవాళ్లు ఏ గుడి చూశాం, ఎక్కడ ఏం తిన్నాం అని రాస్తారు. చంటిపిల్లలుంటే లెక్క వేరు. బాత్రూమ్ ఎలా ఉంది, నీడ ఉందా, పాలు వేడిచేసి ఇస్తారా, పిల్ల పడుకునే టైముకి మనం ఎక్కడ ఉంటాం, ముందు ఇవి చూసుకోవాలి. ఆ చోటు గొప్పతనం సంగతి ఆ తర్వాతే. అలాగే బంధువుల ఇంట్లో దిగాలా, రూమ్ తీసుకోవాలా అన్నది కూడా. దీని మీద మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది, ముందుముందు చెప్తాను.

మే మొదట్లోనే బయల్దేరాం. రోహిణి కార్తె వచ్చేలోపు ఇంట్లో పడాలన్నది మా ఆయన పట్టుదల. తెల్లవారుజామున నాలుగింటికల్లా హైదరాబాద్‌లో ఎల్‌బీ నగర్ దాటేశాం. సామాను ముందు రాత్రే డిక్కీలోకి చేరిపోయింది, పిల్లల్ని నిద్రలోనే ఎత్తుకొచ్చి సీట్లలో కూర్చోబెట్టాం. పిల్లలకి పంతంగి టోల్‌గేటు తెలియదు, నార్కట్‌పల్లి తెలియదు. సూర్యాపేటలో కళ్లు తెరిచేసరికి 130 కిలోమీటర్ల దాకా వెనక్కి పోయాయి. విజయవాడ దాకా మొత్తం 275 కిలోమీటర్లు కాబట్టి సగం దారి ఎవరి ఏడుపూ లేకుండా గడిచిందన్నమాట. ఏడింటికి తీరిగ్గా టిఫిన్లు చేసి బయల్దేరే ఇంట్లో ‘ఇంకా ఎంతసేపు?’ అన్నది హయత్‌నగర్‌లోనే మొదలవుతుంది.

టోళ్ల విషయానికొస్తే, ఒకేసారి డబ్బు కడితే ఏడాది లేదా 200 సార్లు, ఏది ముందు పూర్తయితే అది, అన్న లెక్కన ఫాస్టాగ్ వార్షిక పాస్ 2025 ఆగస్టు 15 నుంచి ఇస్తున్నారు. జాతీయ రహదారి మీద ఒక్కో గేటు దాటితే ఒకసారి కింద లెక్క. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర అంటూ విజయవాడ చేరేలోపే నాలుగు గేట్లు తగులుతాయి. అక్కణ్నుంచి విశాఖ దాకా కలపర్రు, ఉంగుటూరు, ఈతకోట, ఇంకా ఉన్నాయి. సంక్రాంతికీ వేసవికీ ఊరెళ్లే అలవాటున్నవాళ్లకి పాస్ గిట్టుబాటే. టాక్సీ ప్లేటు బళ్లకి మాత్రం ఇవ్వరు. దారిలో బండి ఆగిపోతే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033. ఆ నంబరు డ్రైవింగ్ చేసేవాళ్ల ఫోన్లోనే కాక పక్కన కూర్చునేవాళ్ల ఫోన్లో కూడా ఉండాలి.

చిన్నదానికి కార్ సీటు బిగించాం. దారి పొడుగునా మా చుట్టాలకి ఇదొక వినోదం. ‘అదేంటే, పిల్లని అలా కట్టేశావు, ఒళ్లో కూర్చోబెట్టుకోక!’ అని పిన్ని, ‘బోనులో పెట్టారేంటండీ’ అని మా మామయ్య కొడుకు. నవ్వితే నవ్వనీ. ఎండలో బండి ఆపినప్పుడు సీటు మీద తెల్లటి తువ్వాలు కప్పడం మరవకండి, బెల్టు ఇనప కొక్కెం చర్మానికి తగిలితే చుర్రుమంటుంది.

హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద తిండికి కొదవ లేదు. పెద్ద పెద్ద ఫుడ్ ప్లాజాలు వరసగా ఉన్నాయి. వాటిలో బాత్రూములు బాగుంటాయి, పార్కింగ్‌లో నీడ ఉంటుంది. డైపర్ మార్చుకోవడానికి విడిగా బల్ల ఉన్న చోటు మాత్రం ఒక్కటే కనిపించింది. ఒక ప్లాజాలో మేం తెచ్చుకున్న పాలే కాస్త వేడిచేసి ఇమ్మంటే ‘టోకెన్ తీసుకోండి మేడమ్’ అన్నారు. కోదాడ దాటాక రేకుల షెడ్డులో ఓ టిఫిన్ హోటల్. అక్కడి ఆవిడ అడక్కముందే పాలసీసా చేతిలోంచి తీసుకుని వేడినీళ్లతో కడిగిచ్చింది. పిల్లాడి ఇడ్లీ మీద నెయ్యి వేసి, కారప్పొడి మాత్రం వాడికి అందకుండా మావైపు పెట్టింది. ఇడ్లీ కూడా ప్లాజాల కన్నా మెత్తగా ఉంది. కానీ అక్కడ బాత్రూమ్ తలుపుకి గడియ లేదు. దాంతో మా ఆయన ఒక రూలు పెట్టాడు: బాత్రూమ్‌కి ప్లాజా, టిఫిన్‌కి చిన్న హోటల్. రెండుసార్లు ఆగాలి, అరగంట ఎక్కువ పడుతుంది, అయినా ప్రయాణమంతా అదే పాటించాం. ఎవరి కడుపూ చెడలేదు.

మందుల సంచి గురించి ఒక్క ముక్క. ఓఆర్ఎస్ అంటే నీళ్లలో కలుపుకునే ప్యాకెట్లే, డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్నవి. పండ్ల రసం డబ్బాల మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్మడాన్ని 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆపేసింది. దీనికోసం ఏళ్ల తరబడి పోరాడింది హైదరాబాద్ పిల్లల డాక్టరే. ఆ రసాల్లో చక్కెర మోతాదు ఎక్కువ, విరేచనాలప్పుడు తాగిస్తే ఇంకా ముదురుతాయి. దారిలో మజ్జిగ, కొబ్బరిబొండాం ఎలాగూ దొరుకుతాయి.

ఇబ్రహీంపట్నం దగ్గర హైవే దిగితే కొండపల్లి దగ్గరే. ఖిల్లా ఎక్కే పని పెట్టుకోకుండా సరాసరి బొమ్మల కాలనీకి వెళ్లాం. ఇళ్ల అరుగుల మీదే పని జరుగుతూ ఉంటుంది. తెల్ల పొణికి చెక్క చెవి దగ్గర పెట్టి తట్టి చూడమన్నారు మావాణ్ని, బెండులా తేలిగ్గా ఉంది. చేతులూ కాళ్లూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. వాడు తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడి బొమ్మ పట్టుకుని వదల్లేదు. కొన్నాం, పిన్నిగారింటికి చేరేలోపు తాడిచెట్టు మట్ట ఒకటి ఊడింది. ఈ బొమ్మలు కొలువులో పెట్టుకోవడానికి ఎంత అందమో, ఆడుకోవడానికి అంత సున్నితం. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకైతే అసలు ఇవ్వకండి, చాలావాటికి ఎనామిల్ రంగులు వేస్తారు. చూడ్డానికి మాత్రం తప్పకుండా ఆగండి, గంట కన్నా ఎక్కువ పట్టదు.

భవానీపురంలో పిన్నివాళ్లది రెండు గదుల అపార్ట్‌మెంటు. భోంచేసి, ఎండ తగ్గాక సాయంత్రం కదులుదామనుకున్నాం. ‘అన్నం తిని పోవడానికి ఇదేమన్నా హోటలా?’ అంది పిన్ని. ఆ మాటతో ఆ రాత్రి అక్కడే. ఏసీ ఉన్నది ఒక్క గదిలోనే. పెద్దా చిన్నా అందరం అందులోనే పరుపులు వేసుకుని పడుకున్నాం, బాబాయి గురక కూడా మాతోనే. ఒక్క రాత్రికి సరదాగానే ఉంటుంది, రెండో రాత్రి అయితే పిల్లలు వేళ తప్పి చికాకు పడేవాళ్లే. ఇంద్రకీలాద్రికి మిట్టమధ్యాహ్నం పసిపిల్లల్ని ఎత్తుకుని వెళ్లే సాహసం చేయలేదు. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద నడకతో సరిపెట్టుకున్నాం. విజయవాడలో పనేమీ లేనివాళ్లు ఇప్పుడు ఊళ్లోకి రానక్కర్లేదు, గొల్లపూడి దగ్గర బైపాస్ ఎక్కి చిన్న అవుటపల్లి దగ్గర ఏలూరు రోడ్డులో కలిసిపోవచ్చు.

మర్నాడు మళ్ళీ చీకటితోనే లేచాం. హనుమాన్ జంక్షన్ దాటుతుంటే నూజివీడు వైపు నుంచి వచ్చిన మామిడికాయల బళ్లు. అక్కడ కొనకండి, వెళ్లేది కోనసీమకి, అక్కడ ఎవరో ఒకరు బుట్టతో పెడతారు. తాడేపల్లిగూడెం, తణుకు దాటి రావులపాలెం దాకా రోడ్డు బాగుంది. పిల్లలు ఇంకా మగతగానే ఉన్నారు.

రావులపాలెం నుంచి అమలాపురం వైపు తిరక్కుండా ముందు ఆత్రేయపురం వెళ్లాం. పూతరేకులు హైదరాబాద్‌లో ఏ స్వీటు షాపులోనైనా దొరుకుతాయి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ రేకు తీయడం దగ్గరుండి చూడాలి. నల్లటి కుండ బోర్లించి కింద మంట పెట్టారు. పక్కనే పల్చటి బియ్యప్పిండి నీళ్లు, పాలకన్నా పల్చన. ఆవిడ ఓ గుడ్డ అందులో ముంచి రెండు చేతులా పరిచి కుండ మీద ఇటునుంచి అటు ఒక్కసారి లాగింది. ‘స్స్’ అన్న చప్పుడు, అంతే. కుండ మీద ఏమీ లేనట్టే ఉంది. ఆవిడ అంచు పట్టుకుని ఎత్తితే అప్పుడు కనిపించింది రేకు, దాని అవతల ఆవిడ వేళ్లు. మావాడు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ‘మళ్ళీ చెయ్యండి’ అని వాడు, ‘ఎన్నిసార్లైనా అదే కదా బాబూ నా పని’ అని ఆవిడ. పొద్దున్నే వెళ్తేనే ఇది చూడ్డానికి బాగుంటుంది. మంట పక్కన ఎండపూట నిలబడ్డం పిల్లల వల్ల కాదు, ఆవిడ మాత్రం రోజంతా అక్కడే కూర్చుంటుంది. బెల్లం రేకుల కన్నా పంచదారవే ఎక్కువ నిలవ ఉంటాయన్నారు. నాకు బెల్లంవే ఇష్టం, కాబట్టి నిలవ ప్రశ్నే రాలేదు.

ఇక అమ్మమ్మగారి ఊరు. ఇక్కడే చర్చ. పిల్లలకి ఏసీ లేకపోతే ఎలా, కరెంటు పోతే ఎలా అని మా ఆయన ముందుజాగ్రత్తగా అమలాపురంలో రూమ్ బుక్ చేశాడు. పగలంతా అమ్మమ్మ దగ్గర ఉండి రాత్రికి పడుకోవడానికి వెళ్లొచ్చని. మామయ్య చెవిన పడింది. ‘ఊళ్లో ఇంత ఇల్లు పెట్టుకుని అమలాపురంలో రూమేంటమ్మా, నలుగురూ ఏమనుకుంటారు?’ అన్నాడు. అత్తయ్య ఇంకో మాట అనలేదు, మా సామాను తీసుకెళ్లి గదిలో పెట్టి తలుపు వేసేసింది. రూమ్ క్యాన్సిల్.

అదే మంచిదైంది. పాత మండువా ఇల్లు, ఎండ ఎంతున్నా మధ్య వాకిట్లో గాలి ఆడుతూనే ఉంటుంది. కరెంటు పోయిన రాత్రి నవారు మంచాలు పెరట్లోకి లాగి దోమతెరలు కట్టారు. మావాడు దాన్ని టెంటు అన్నాడు, ఇక మర్నాడు కరెంటు ఉన్నా లోపలికి రానన్నాడు. చిన్నది మొదటిరోజు అమ్మమ్మని చూసి జడిసింది. రెండోరోజు ముంజకాయలు తెచ్చారు. అమ్మమ్మ ఒక ముంజ కంట్లో బొటనవేలు గుచ్చి, నీళ్లు కారకుండా వంచి దాని నోటికి పెట్టింది. ఆ వేలికి వణుకుంది, అయినా ఒక్క చుక్క కింద పడలేదు. అప్పట్నుంచి ‘తాతమ్మా, ఇంకోటి’ అంటూ వెనకాలే తిరిగింది. హోటల్ రూమ్‌కి వెళ్లిపోయి ఉంటే పొద్దున్నే అమ్మమ్మ పూజ గంట దానికి తెలిసేది కాదు, తాతమ్మకి పిల్ల దక్కేదీ కాదు.

కోనసీమలో పసిపిల్లలతో జాగ్రత్తపడాల్సింది రెండింటికి: నీళ్లు, కొబ్బరికాయలు. ప్రతి ఇంటి వెనకా చెరువో నుయ్యో ఉంటుంది, మా నూతి గట్టు ఎత్తు చిన్నదాని గడ్డం దాకే. మామయ్య దాని మీద ఇనప జల్లెడ వేయించాడు. మేం వస్తున్నామని దింపు కూడా ముందే తీయించాడు, అంటే చెట్ల మీది కాయలు కోయించేశాడు. అయినా రాలే మట్టలు రాలుతూనే ఉంటాయి, చెట్టు కింద మంచం వేయొద్దు. ఎవరింటికి వెళ్లినా ఫోన్లోనే అడగండి, ‘దింపు ఎప్పుడు తీశారు’ అని. నవ్వరు, అక్కడ అందరికీ తెలిసిన విషయమే.

ఫొటోల్లో కోనసీమ అంటే నిండు కాలువ, దాని మీద వంగిన కొబ్బరిచెట్లు. వేసవిలో వెళ్లేవాళ్లు ఆ ఊహ పెట్టుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో మరమ్మతులకోసం డెల్టా కాలువలు కట్టేస్తారు, సాధారణంగా జూన్‌లో మళ్ళీ వదులుతారు. మేం చూసిన కాలువల్లో అడుగున మట్టి, గుర్రపుడెక్క, అక్కడక్కడా మడుగులు. చేపలు పట్టే కుర్రాళ్లు మాత్రం మహా హుషారుగా ఉన్నారు. పచ్చదనం అంటే అప్పటికి కొబ్బరీ అరటీ మాత్రమే, వరిచేలు కోసేసి ఉంటాయి. చూడ్డానికే వెళ్లేవాళ్లయితే సంక్రాంతి ముందు వెళ్లండి. చుట్టాలకోసం, మామిడిపండ్లకోసం అయితే వేసవే.

నీళ్లు చూపించాలని దిండి తీసుకెళ్లాం. కాలువలు ఎండినా వశిష్ఠ గోదావరి పాయలో నీళ్లుంటాయి. పర్యాటక శాఖవాళ్ల రిసార్టు, హౌస్‌బోట్లు అక్కడే. రాత్రంతా బోటులో ఉండే ప్యాకేజీ కొత్తగా పెళ్లైనవాళ్లకో, కాస్త పెద్ద పిల్లలున్నవాళ్లకో బాగుంటుంది. రెండున్నరేళ్ల పిల్ల ఉంటే రాత్రంతా తల్లి కళ్లు రెయిలింగ్ మీదే. గంట తిరిగే బోటు చాలు. ఎక్కేముందు చిన్నపిల్లల సైజు లైఫ్ జాకెట్ ఉందో లేదో అడగండి. పెద్దవాళ్లది వేస్తే బిడ్డ అందులోంచి జారిపోతుంది. 2019 సెప్టెంబరులో పాపికొండలు వెళ్లే దారిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం తర్వాత మా ఇంట్లో జాకెట్ లేకుండా ఎవరూ పడవెక్కరు. అంతర్వేది అక్కణ్నుంచి దగ్గరే. నరసింహస్వామి గుడీ, నది సముద్రంలో కలిసే చోటూ బాగుంటాయి, కానీ ఇసక కాలిపోతుంటుంది. పదింటిలోపు వెళ్లలేకపోతే మానేయండి. మేం మానేశాం.

అమ్మమ్మ దగ్గర సెలవు తీసుకోవడం గురించి రాయను. అక్కణ్నుంచి విశాఖకి మళ్ళీ రావులపాలెం వెళ్లి పెద్ద హైవే ఎక్కొచ్చు. మేం ముమ్మిడివరం మీదుగా యానాం దారి పట్టాం. ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి దాటగానే యానాం, పుదుచ్చేరి కింద ఉన్న ముక్క. పెట్రోలు ఆంధ్రాకన్నా చవక, బంకుల దగ్గర వరస చూస్తేనే తెలుస్తుంది. అమలాపురంలో కొట్టించకుండా ఇక్కడిదాకా ఓపిక పట్టండి.

యానాం, కాకినాడ మధ్య కోరింగ అభయారణ్యం మా ప్రయాణంలో అనుకోని లాభం. మడ అడవి మధ్యలో చెక్కలు పరిచిన బాట, తలమీద చెట్ల నీడ, కింద బురదలో వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, వాటి మధ్య పీతలు. మావాడు పీతల్ని లెక్కపెడుతూ నడిచాడు, ఎత్తుకోమని ఒక్కసారీ అడగలేదు. చెక్కల సందుల్లో చిన్నపిల్లల చెప్పులు ఇరుక్కుంటాయి, వెనక పట్టీ ఉన్నవి వెయ్యండి. దోమలు గట్టివే. పడవ షికారు సముద్రపు పోటును బట్టి ఉంటుంది, ఉంటే అదృష్టం అనుకోవాలి తప్ప దానికోసమని వెళ్లకూడదు. తొమ్మిది దాటితే ఉక్క మొదలవుతుంది.

కాకినాడలో ఆగింది కాజాలకోసం మాత్రమే. కాకినాడ గొట్టం కాజాలో పాకం నోట్లోనే పగలాలి, పిల్లలకి ఇస్తే కారు సీటు మీద పగులుతుంది. దిగాక పెట్టండి.

కత్తిపూడి దగ్గర పెద్ద హైవే ఎక్కితే అన్నవరం వచ్చేసినట్టే. రత్నగిరి పైకి ఘాట్ రోడ్డు ఉంది, కారు పైదాకా వెళ్తుంది. వ్రతం చేయించుకోవాలని అత్తగారు చెప్పి పంపారు గానీ, పిల్లలతో పీటల మీద అంతసేపు కూర్చోవడం కుదిరే పని కాదని దర్శనం చేసుకుని వచ్చేశాం. వ్రతం ఆవిడతో కలిసి మళ్ళీ. ప్రసాదం సంగతి వేరే చెప్పాలా? ఎర్ర గోధుమ నూక, నెయ్యి, విస్తరాకు పొట్లం. కూరలో ఉల్లిపాయ ముక్క కనిపిస్తే ఏడ్చే మావాడు పొట్లం ఆకుతో సహా నాకేశాడు. కొండ ఎక్కే తీరిక లేనివాళ్లకి కింద హైవే పక్కన కూడా దేవస్థానం కౌంటర్లో ప్రసాదం దొరుకుతుంది.

తుని దాటాక అడ్డరోడ్డు దగ్గర లోపలికి తిరిగితే ఏటికొప్పాక. కొండపల్లి చూశాక మళ్ళీ బొమ్మలేంటి అంది మా అమ్మ ఫోన్లో. ఈ బొమ్మలు వేరు. అంకుడు చెక్కని తరిణె మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి చెక్కని పట్టుకుంటుంది. ఒక్క చుట్టులో పసుపు, ఇంకో చుట్టులో ఎరుపు. చివరికి మొగలి ఆకు పట్టి రుద్దితే మెరుపు వస్తుంది. అంచులు ఉండవు, అతుకులు ఉండవు, విత్తనాలూ ఆకులూ బెరడుల నుంచి తీసిన రంగులు. ఆ రంగుల మీద పనిచేసినందుకే ఈ ఊరి సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం కూడా ఈ బొమ్మలదే. అయినా కొనేముందు ‘ఇది సహజ రంగేనా’ అని అడిగి తీసుకోవాలి. మా చిన్నదానికి గిలక్కాయ, పెద్దాడికి బొంగరాలు. కారులో కింద పడ్డాయి, చిన్నది నోట్లో పెట్టుకుంది, విసిరింది, ఇప్పటికీ చెక్కు చెదరలేదు. రెండింట్లో ఒక్కదానికే టైముంటే, పిల్లలున్నవాళ్లు ఏటికొప్పాకకే వెళ్లాలి.

విశాఖలో మాత్రం వదినావాళ్లింట్లో దిగలేదు. చిన్న ఫ్లాట్, అన్నయ్యగారికి షిఫ్టు డ్యూటీ, పగలు పడుకోవాలి. వాళ్ల అమ్మాయికి ఎంట్రన్స్ పరీక్షలు. మా ఇద్దరూ ఒక్క పొద్దుటే ఆ ఇంటిని తలకిందులు చేయగలరు. ఎంవీపీ కాలనీలో సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. వదిన రెండురోజులు ముభావంగానే ఉంది. మూడోరోజు తనే పరీక్ష పుస్తకాలతో సహా కూతుర్ని మా అపార్ట్‌మెంట్‌కి పంపించింది, అక్కడ ప్రశాంతంగా ఉందని. బంధువుల ఇంటి విషయంలో ఇప్పుడు నేను చూసుకునేది ఇదే: మనం వెళ్తే ఆ ఇంట్లో ఎవరి నిద్ర, ఎవరి చదువు పాడవుతుంది? పల్లెటూళ్లో చోటుంది, ఉండకపోతే చిన్నబుచ్చుకుంటారు. సిటీ ఫ్లాట్‌లో చోటు లేదు, ఉంటే ఇబ్బందిపడతారు గానీ పైకి చెప్పరు. అపార్ట్‌మెంట్‌లో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది వాషింగ్ మెషీన్, ఆ తర్వాత గ్యాస్ పొయ్యి. సముద్రం కనిపించే బాల్కనీకి డబ్బు ఎక్కువ అడిగారు. పిల్లలుంటే దాని తలుపు ఎలాగూ గడియ వేసే ఉంచాలి, వద్దన్నాం.

బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఆరేళ్లవాడికి పండగ. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సేవ ముగించి, మరుసటి ఏడాదికల్లా మ్యూజియంగా ఒడ్డుకి చేరిన నిజం సబ్‌మెరైన్, 90 మీటర్ల పైచిలుకు పొడవు. లోపల ఒక గదినుంచి ఇంకో గదికి గుండ్రటి కంతల్లోంచి కాలు పెట్టి వంగి దాటాలి. చంటిపిల్లని ఎత్తుకుని దాటడం కష్టం. మేం వంతులు వేసుకున్నాం, వాడు వాళ్ల నాన్నతో లోపలికి, నేనూ చిన్నదీ బయట మొక్కజొన్న పొత్తుతో. సోమవారం సెలవు, చూసుకుని వెళ్లండి. ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం మ్యూజియం లోపల చూసేది త్వరగానే అయిపోతుంది. జూకి పొద్దున్న గేటు తెరిచేసరికి వెళ్తే సరే, పదకొండింటికి జంతువులే నీడ వెతుక్కుంటాయి. కైలాసగిరి సాయంత్రానికి బాగుంటుంది. ఆర్కే బీచ్‌లో అలలు నమ్మదగినవి కావు, కాళ్లు తడుపుకుని వచ్చేయాలి అంతే.

తిరుగు ప్రయాణం 600 కిలోమీటర్ల పైనే, ఒక్క రోజులో లాగితే పెద్దవాళ్లకే నడుం పోతుంది. రాజమండ్రిలో ఒక రాత్రి ఆగాం. సాయంత్రం గోదావరి గట్టున వాడికి ఖర్చులేని సినిమా: దాదాపు వందేళ్లు రైళ్లు మోసి 1997లో విశ్రాంతి తీసుకున్న హేవ్‌లాక్ వంతెన, పైన బస్సులూ కింద రైళ్లూ వెళ్లే 1974 నాటి వంతెన, విల్లుల ఆర్చి వంతెన. రైలు వచ్చినప్పుడల్లా లేచి నిలబడ్డాడు. రాత్రి మాత్రం దిగిన హోటల్‌ కింద ఫంక్షన్ హాలు. పెళ్లివారి డీజే అర్ధరాత్రి దాకా కిటికీ అద్దాలు అదరగొట్టింది. రిసెప్షన్‌లో చెప్తే ‘ముహూర్తాలు కదండీ’ అన్నారు. వైశాఖంలో రూమ్ బుక్ చేసేవాళ్లు రేటింగులకన్నా ముందు కాలెండర్లో పెళ్లి ముహూర్తం చూసుకోవాలి, ఆ తర్వాత హోటల్లో కల్యాణమండపం ఉందేమో ఫోన్ చేసి అడగాలి. అదనపు మంచానికి డబ్బు కట్టకండి, ఉన్న రెండు మంచాలూ కలిపి గోడకి ఆనించమంటే వాళ్లే జరిపిస్తారు.

వచ్చేటప్పుడు డిక్కీలో సామాను వెళ్లేటప్పటికి రెండింతలు. అత్తయ్య పెట్టిన కొత్తావకాయ, వదిన ఇచ్చిన సువర్ణరేఖ పళ్ల పెట్టె, ఒలిచిన కొబ్బరికాయల గోనె. పళ్ల పెట్టె వెనక సీటు కింద ఏసీ తగిలేచోట ఉంచితే హైదరాబాద్ దాకా గట్టిగానే వస్తాయి. ఆవకాయ జాడీలో తేకండి. మూత బిగుసుగా ఉన్న స్టీలు డబ్బాలో సగానికి కాస్త పైగా నింపి, మూత కింద పాలిథిన్ కవరు రెండు మడతలు వేసి, నూనె తేలే ఊట విడిగా సీసాలో పోసుకోండి. కొత్తావకాయ పొంగుతుంది, ఎండకి కారు డిక్కీలో ఇంకా పొంగుతుంది.